ఈసీజీ నార్మల్, అయినా గుండె దడ: టెన్షన్ ఒంటిని ఏం చేస్తుంది, ఎక్కణ్ణుంచి సరిచెయ్యాలి

మీరు రాసింది కుదించి చెబితే ఇదీ సంగతి. మీ ఆయనకి 42 ఏళ్ళు. విడవలూరు వైపు రొయ్యల గుంతలు, సగం లీజువి. పోయిన పంట వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బుకి పోయింది, మేత డీలర్ దగ్గరా బయటా అప్పు మిగిలింది. మూడు నెలలుగా రాత్రి రెండున్నరకో మూడింటికో దిగ్గున లేస్తున్నారు. గుండె దడ, ఛాతీ పట్టేసినట్టుండడం, పొద్దున లేవగానే కడుపులో మంట, రెండు మూడుసార్లు విరేచనం, మెడ నొప్పి, ముట్టుకుంటే కోపం. నెల్లూరులో చూపిస్తే ఈసీజీ నార్మల్ అన్నారు, బీపీ 150/96 ఉంది. “టెన్షన్ తగ్గించుకోండి” అని చెప్పి గ్యాస్ మాత్రా, రాత్రికి అల్ప్రాజొలామ్ మాత్రా రాశారు. “జబ్బేమీ లేదంటే ఈ బాధలెందుకు, అంతా ఈయన ఊహేనా?” అన్నది మీ ప్రశ్న. రోజూ రాత్రి ఒక క్వార్టర్ తాగుతున్నారని చిట్టచివర ఒక్క ముక్క రాశారు.

ముందు ఆ ముక్క గురించే చెప్పాలి, ఎందుకంటే ఇది ఈ రాత్రికే చూసుకోవాల్సిన పని. తాగిన రోజు ఆ నిద్రమాత్ర వెయ్యనివ్వకండి. మద్యం, అల్ప్రాజొలామ్ రెండూ మెదడులో ఊపిరిని నడిపే భాగాన్ని మందగింపజేస్తాయి. రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. గురక పెట్టే మనిషైతే ఇంకా ఎక్కువ. మాత్ర రాసిన డాక్టరుకి తాగుడు సంగతి తెలిసి ఉండదు, రేపే ఫోన్ చేసి చెప్పండి. అలాగని ఆ మాత్ర నెలల తరబడి వేస్తూ ఉంటే ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక మీ ప్రశ్న. ఊహ కాదమ్మా. ఆయన చెప్పే ప్రతి బాధకీ ఒంట్లో కారణం ఉంది. ప్రమాదం అని మెదడుకి తోచిన మరుక్షణం, మనిషి ఇంకా ఆలోచించుకునేలోపే, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. ఇది సెకన్లలో జరిగిపోతుంది. గుండె వేగం పెరుగుతుంది, పేగులకీ చర్మానికీ వెళ్ళే రక్తం తగ్గి కండరాలకి మళ్ళుతుంది, లివర్ తన దగ్గరున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది. దాని వెనకే రెండో వరస మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్‌కి కబురు పంపితే కార్టిసాల్ వస్తుంది. ఇది నిమిషాల మీద నడిచే వ్యవహారం. ఇరవై ముప్పై నిమిషాలకి పైకి చేరి, గంట దాటాక గానీ దిగదు. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలకల మీద చూసి రాశాడు: వాటిని చలిలో ఉంచినా, గాయపరిచినా, ఏదో మందు ఎక్కించినా ఒంట్లో వచ్చే మార్పులు ఒకటే. అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, రోగనిరోధక శక్తికి కీలకమైన థైమస్ కుంచించుకుపోతోంది, కడుపులో పుండ్లు పడుతున్నాయి. స్ట్రెస్ మీద ఇవాళ మనకున్న అవగాహన చాలావరకు అక్కణ్ణుంచే పెరిగింది.

గట్టు మీద పాము ఎదురైతే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది, గంటా గంటన్నరలో సద్దుమణుగుతుంది. అప్పుకీ, రొయ్యల ధరకీ, కరెంటు కోతకీ అట్టా ముగిసే ఘడియ ఉండదు. డీలర్ ఫోన్ మోగినప్పుడల్లా అదే అడ్రినలిన్, అదే కార్టిసాల్. మొదటిది దిగకముందే రెండోది ఎక్కుతుంది. మీ ఆయన ఒంట్లో మూడు నెలలుగా జరుగుతున్నది ఇదే.

ఒక్కో బాధా ఎట్టా వస్తుందో చూడండి. గుండె దడ అడ్రినలిన్ పని. మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు, గుండె జారినట్టు అనిపిస్తే అది చాలాసార్లు ముందుగా పడిన అదనపు దెబ్బ. గుండె ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ టీ, సిగరెట్, నిద్రలేమి వల్ల వస్తుంది. ఛాతీ పట్టేయడానికి రెండు కారణాలు. ఒకటి, పక్కటెముకల మధ్య కండరాలు బిగుసుకుని ఉండడం. రెండోది ఊపిరి. భయపడిన మనిషి తనకి తెలియకుండానే పైపైన, వేగంగా పీలుస్తాడు. అప్పుడు రక్తంలో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది. దాంతో పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, తల తేలిపోవడం, “గాలి చాలట్లేదు” అన్న భావన. గాలి చాలట్లేదని ఇంకా గట్టిగా పీలిస్తే ఇంకా ముదురుతుంది. కొందరు మూతికి ప్లాస్టిక్ కవరో కాగితం సంచో పెట్టుకోమంటారు. వద్దు. అది నిజంగా గుండె, ఊపిరితిత్తుల సమస్య అయితే ప్రాణం మీదకి వస్తుంది.

కడుపు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో టెన్షన్ మనిషి ముందుగా వెళ్ళేది గ్యాస్ మాత్రకే. పేగుల గోడల్లో కోట్ల నరకణాలున్నాయి. మెదడుతో వాటికి రెండువైపులా మాటామంతీ నడుస్తూనే ఉంటుంది. భయంలో పైన జీర్ణాశయం మందగిస్తుంది, కింద పెద్దపేగు వేగం పెంచుతుంది. తిన్నది పైనే నిలిచి పులితేన్పులు, కిందేమో పొద్దున్నే రెండు మూడు విరేచనాలు. మీరు రాసింది అచ్చం అదే. పాంటాప్రజోల్ లాంటి మాత్ర పుల్లని ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పేగు కదలికని మార్చలేదు. దాన్ని టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి, మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడి డాక్టరుతో మాట్లాడి ఆపాలి. ఏడాదులు ఏడాదులు మింగేది కాదు. రాత్రి పదిన్నరకి పీకలదాకా అన్నం, పులుసు తిని వెంటనే పడుకుంటే ఏ మాత్రా పనిచెయ్యదు. అన్నానికీ పడకకీ మధ్య రెండున్నర, మూడు గంటలు ఉండాలి.

మెడ నొప్పి, తల చుట్టూ పట్టీ కట్టినట్టు నొప్పి కూడా కండరాల బిగువే. దవడ బిగించి నిద్రపోతున్నారేమో గమనించండి. పొద్దున కణతల దగ్గర, చెవి ముందు నొప్పి ఉంటే అదే. ఈ నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. నెలలో పదిహేను రోజులకి మించి నొప్పిమాత్ర వాడితే ఆ మాత్రే తలనొప్పి తెప్పించడం మొదలుపెడుతుంది. కొన్ని రకాలకి పది రోజులే హద్దు. బీపీ ఉన్న మనిషిలో ఆ మాత్రలు బీపీని, కిడ్నీలని కూడా చెడగొడతాయి.

రొయ్యల రైతు ఇంట్లోవాళ్ళకి ఒక విషయం చెప్పడం తేలిక. గుంతలో వైరస్ కొద్దిగా ఉన్నా డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), వేడి, ఉప్పదనం నిలకడగా ఉన్నంతకాలం రొయ్య మేత తింటూ తిరుగుతూనే ఉంటుంది. ఒక రాత్రి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయినా, పెద్ద వానకి నీళ్ళు ఒక్కసారిగా మారినా అదే వైరస్ వారం పది రోజుల్లో గుంతని ఖాళీ చేస్తుంది. మనిషిదీ ఇదే తీరు. 1991లో షెల్డన్ కోహెన్ బృందం బ్రిటన్‌లో 394 మంది ఆరోగ్యవంతుల గురించి ముందు వాళ్ళ ఒత్తిడి ఎంతో లెక్కగట్టి, తర్వాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఒత్తిడి ఎక్కువున్న కొద్దీ జబ్బు పడినవాళ్ళు ఎక్కువయ్యారు. గాయాలు మానడం ఆలస్యమవడం, పాత చర్మవ్యాధి, ఆస్తమా తిరగబెట్టడం, షుగర్ ఉన్నవాళ్ళకి మందు అదే అయినా లెక్క పెరగడం, అన్నీ ఈ దారిలోనివే.

మెదడుకి జరిగేది పైకి కనబడదు కాబట్టి దాన్ని “మనిషి మారిపోయాడు” అని లెక్కేసుకుంటారు. నుదురు వెనకుండే భాగం ఆలోచించి నిదానించి నిర్ణయించేది. ఒత్తిడిలో దాని పట్టు సడలి, భయాన్ని పసిగట్టే అమిగ్డలా పెత్తనం చేస్తుంది. జ్ఞాపకాలని పేర్చే హిప్పోకాంపస్ కూడా కార్టిసాల్‌కి తేలిగ్గా దెబ్బతింటుంది. అందుకే మేత ఎన్ని బస్తాలు వచ్చిందో మర్చిపోవడం, చెప్పిందే చెప్పడం, పిల్లాడు గ్లాసు పడేస్తే అరవడం. అందుకే ఒక నియమం పెట్టుకోమంటాను: రాత్రి తొమ్మిది దాటాక డబ్బు నిర్ణయం ఏదీ వద్దు. రొయ్యల పట్టుబడి ముందుకు జరపడం, బండి అమ్మడం, ఇంకోచోట వడ్డీకి తేవడం, ఏదైనా సరే తెల్లారి టిఫిన్ తిన్నాక తేల్చుకోవాలి. అర్ధరాత్రి భయంలో ఒప్పుకున్న ధరకి పగలు బాధపడే రైతులు తక్కువేం కాదు.

ఇంతకీ రాత్రి మూడింటికే ఎందుకు మెలకువ? మూడు కారణాలు ఒకేచోట కలుస్తున్నాయి. నిద్ర రెండో సగంలో సహజంగానే తేలిగ్గా ఉంటుంది, కలలు ఎక్కువ, తెల్లవారుజాముకి కార్టిసాల్ కూడా పెరగడం మొదలవుతుంది. ఇది అందరికీ ఉండేదే. రెండోది మద్యం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం సరుకైతే అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. లివర్ గంటకి ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే కరిగించగలదు. తొమ్మిదింటికి తాగితే మూడింటికీ ఐదున్నరకీ మధ్య అది ఒంట్లోంచి దిగిపోతుంది. దిగేటప్పుడు, అప్పటిదాకా అణిగి ఉన్న నరాలు ఒక్కసారిగా లేస్తాయి. దడ, చెమట, భయం. తాగితే నిద్ర పడుతోంది అన్నది మొదటి నాలుగు గంటలకే నిజం, మిగతా రాత్రిని అదే చెడగొడుతోంది.

మూడో కారణం ఆయన వృత్తి. రాత్రంతా నీళ్ళలోని పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి సూర్యుడు రాకముందే డీఓ అన్నిటికన్నా కింద ఉంటుంది. ఆ వేళకి కరెంటు పోయి జనరేటర్ ఎక్కకపోతే పంట పోతుంది. ఒకసారి పోగొట్టుకున్న మనిషి మెదడు ఆ వేళని గుర్తుపెట్టుకుని అలారం మోగిస్తోంది. దీనికి “ధైర్యంగా ఉండు” అంటే సరిపోదు. ఆ భయానికి పనికొచ్చే జవాబు కావాలి.

కాబట్టి చికిత్స రాత్రి నుంచే మొదలుపెట్టండి. నడక, ధ్యానం, ఆహారం అన్నీ మంచివే. కానీ నాలుగు గంటల ముక్కల నిద్ర మీద అవేవీ నిలవవు.

మొదటి పని కాపలా పంచుకోవడం. రాత్రి పదిన్నర నుంచి ఐదింటి దాకా గట్టు మీద బాధ్యత కాపలా మనిషిదో, పక్క గుంత రైతుతో వంతులదో, ఎవరో ఒకరిది అని తేల్చాలి. కరెంటు పోయినా, త్రీఫేజ్‌లో ఒక ఫేజ్ పడిపోయినా ఫోన్‌కి కాల్ చేసే అలారం పరికరాలు దొరుకుతాయి, స్టార్టర్ దగ్గర పెట్టించండి. వారానికొకసారి మెయిన్ దించి, కాల్ వస్తోందా, జనరేటర్ ఎంతసేపట్లో ఎక్కుతోంది, డీజిల్ ఎంతుంది అని పగటిపూట పరీక్షించాలి. ఆ పరీక్ష ఆయన కళ్ళతో చూడాలి. ఫోన్ మోగలేదంటే ఏరియేటర్లు తిరుగుతున్నాయి అని మెదడు నమ్మేది అప్పుడే. నమ్మకం కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ ఫోన్‌లో అలారం నంబరు తప్ప మిగతావన్నీ రాత్రి పదికి సైలెంట్ చెయ్యండి, డీలర్ వాట్సాప్‌తో సహా.

రెండోది పడక పద్ధతి. చాలామంది చేసే పొరపాటు నిద్ర చాలట్లేదని తొందరగా పడుకోవడం. తొమ్మిది నుంచి ఆరు దాకా మంచం మీద ఉండి ఐదు గంటలు నిద్రపోతే మిగతా నాలుగు గంటలూ ఆ మంచం మీద ఆందోళన పడడమే అలవాటవుతుంది. ఒక వారం పాటు నిజంగా ఎంత నిద్రపోతున్నారో కాగితం మీద రాయండి. సగటున ఐదు గంటలైతే మంచం మీద ఐదున్నర గంటలే ఉండాలి: పదకొండున్నరకి పడక, ఐదింటికి లేవడం. లేచే వేళ ఆదివారమైనా మారకూడదు. పడుకున్న సమయంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నిద్ర పడుతోంది అనిపించినప్పుడు పడుకునే వేళని పావుగంట ముందుకు జరపండి, అట్టా వారానికి పావుగంట. ఐదు గంటలకన్నా కిందికి మాత్రం తగ్గించొద్దు. మొదటి పది రోజులు పగలు మత్తుగా ఉంటుంది, కావలి హైవే మీద బండి నడపడం ఆ రోజుల్లో ఇంకొకరికి అప్పజెప్పండి. ఫిట్స్ ఉన్నవాళ్ళు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళు ఈ పద్ధతి సొంతంగా చెయ్యకూడదు. మధ్యలో మెలకువ వచ్చి ఇరవై నిమిషాలు నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వరండాలో మసక దీపం కింద కూర్చోవాలి, కళ్ళు మూతలు పడుతుంటే మళ్ళీ వెళ్ళాలి. గడియారం తిప్పి పెట్టండి. “ఇంకా మూడు గంటలే ఉంది” అన్న లెక్కే మనిషిని పూర్తిగా లేపేస్తుంది.

మద్యం గురించి. రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు చేతులు వణకడం, చెమట, కొందరికి ఫిట్స్, రెండు మూడు రోజులకి మతి తప్పి మాట్లాడడం రావచ్చు. పొద్దున చేతులు వణుకుతున్నాయా, తాగితే ఆ వణుకు తగ్గుతోందా అని చూడండి. అవునంటే డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. వారం రోజుల మాత్రలతో, థయమిన్ అనే బీ1 విటమిన్‌తో అది సురక్షితంగా జరిగిపోతుంది. వణుకు లేకపోయినా డాక్టరుతో చెప్పే మొదలుపెట్టడం మంచిది. మానిన మొదటి వారం నిద్ర ఇంకా చెడుతుంది, అది ముందే తెలిస్తే వెనక్కి పోరు.

టీ మీద పెద్దగా చెప్పేదేం లేదు. కెఫీన్ సగం దిగడానికి ఐదు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. రోజుకి ఎనిమిది టీలు అలవాటుంటే రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున తగ్గించండి, ఒక్కసారి ఆపితే తలనొప్పి. రాత్రి కాపలాలో సిగరెట్, గుట్కా ఉంటే వాటిలోని నికోటిన్ కూడా గుండెని తరిమేదే.

ఊపిరి సాధన చాలామంది తప్పుగా చేసి పనిచెయ్యట్లేదంటారు. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద పెట్టుకోవాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, బొడ్డు మీది చెయ్యి లేవాలి, పై చెయ్యి కదలకూడదు. ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. నిమిషానికి ఆరు ఊపిర్లు, పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు. వదిలే ఊపిరి పొడవుగా ఉన్నప్పుడు మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం గుండెని నిదానం చేస్తుంది, కీలకం అక్కడుంది. తప్పు జరిగేది మూడు చోట్ల. పెద్దగా, నిండుగా పీల్చడం: తల తిరుగుతుంది. ఊపిరి మామూలు పరిమాణంలోనే ఉండాలి, నెమ్మదిగా ఉండాలి అంతే. దడ వచ్చినప్పుడు మాత్రమే చెయ్యడం: నెమ్మదిగా ఉన్న వేళ రెండు వారాలు అలవాటు చేస్తేనే దడ వేళ అక్కరకొస్తుంది. మధ్యలో నాడి పట్టుకుని చూసుకోవడం: ఆ చూపే భయాన్ని నిలబెడుతుంది.

అప్పుల బాధకి ఊపిరి మందు కాదు. దానికి కాగితం కావాలి. సాయంత్రం ఆరింటికి, చీకటి పడకముందే, ఇద్దరూ కూర్చుని ఇరవై నిమిషాలు. ఒక పేజీలో అప్పులన్నీ: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, ఎప్పటికి. బుర్రలో తిరిగే అప్పు ఎప్పుడూ అసలుకన్నా పెద్దగా కనబడుతుంది, వడ్డీ మాత్రం చిన్నగా కనబడుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలకి నెలకి పదివేలు. ఎక్కువ వడ్డీదే ముందు తీర్చాల్సిన అప్పు, పరువు కోసం ఇంకోటి ముందు తీర్చేవాళ్ళు చాలామంది. కిసాన్ క్రెడిట్ కార్డు 2018–19 నుంచి చేపలు, రొయ్యల పెంపకానికీ వర్తిస్తోంది. తీసుకుని ఉండకపోతే బ్యాంకులో అడగండి. రెండో పేజీలో గీత గీసి రెండు భాగాలు: ఒకవైపు రేపు చెయ్యగలిగినవి, పక్కన టైముతో సహా (“పదింటికి డీలర్‌తో మాట్లాడాలి, రెండు వాయిదాలు అడగాలి”). రెండోవైపు మన చేతిలో లేనివి: ఎగుమతి ధర, వాతావరణం. రాత్రి మూడింటికి రెండోవైపు సంగతులు గుర్తొస్తే “ఇది రాసిపెట్టిందే, రేపు ఆరింటికి చూస్తాం” అని వాయిదా వెయ్యాలి. మొదట్లో నవ్వులాటగా అనిపించినా, ఆందోళన చికిత్సలో గట్టిగా నిలిచిన పద్ధతుల్లో ఇదొకటి.

నడక వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. గుంత గట్టు మీద వద్దు. అక్కడ కాళ్ళు నడుస్తాయి, కళ్ళు రొయ్య మేత తిందా అని చూసే చెక్ ట్రే మీదే ఉంటాయి.

ఇక పరీక్షలు. అన్నిటినీ టెన్షన్ ఖాతాలో వెయ్యడం కూడా తప్పే. మామూలుగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ అయినంత మాత్రాన గుండె రక్తనాళాల్లో ఇబ్బంది లేదని కాదు. మేత బస్తా మోసినప్పుడో, వేగంగా నడిచినప్పుడో ఛాతీ బిగిసి, ఆగితే తగ్గుతుంటే ట్రెడ్‌మిల్ పరీక్షో, డాక్టర్ చెప్పిన ఇంకోటో చేయించాలి. థైరాయిడ్ ఎక్కువైతే ఇవే లక్షణాలు, టీఎస్‌హెచ్ చూడాలి. హిమోగ్లోబిన్, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, లివర్ పరీక్ష, కొలెస్ట్రాల్ చాలు. మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు దాటి, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించండి. అదుంటే బీపీ, మూడింటి మెలకువ రెండూ దాని వల్లే కావచ్చు.

బీపీ ఆసుపత్రిలో ఒక్కసారి 150/96 చూసి తేల్చలేం. చేతికి కట్టే మిషన్ తెచ్చుకోండి, మణికట్టుది వద్దు. టీ, సిగరెట్ లేకుండా అరగంట, కదలకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజుది వదిలేసి మిగతా సగటు తియ్యండి. 135/85 లేదా అంతకన్నా ఎక్కువుంటే అది బీపీయే, టెన్షన్ తగ్గేదాకా ఆగకుండా మందు సంగతి మాట్లాడాలి. దడ వచ్చినప్పుడల్లా మిషన్ కట్టకండి, అప్పటి అంకె దేనికీ పనికిరాదు, భయాన్ని పెంచడానికి తప్ప.

భయం ఒక్కసారిగా ఉప్పెనలా లేచే పానిక్ అటాక్ మామూలుగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగుతుంది. కానీ గుండెపోటా, పానిక్కా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొక్కుడు, ఎడమ చెయ్యికో దవడకో పాకడం, చల్లటి చెమట, వాంతి, ఆయాసం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ అని సోడా తాగించి తెల్లారేదాకా చూడొద్దు.

నాలుగు వారాలు ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే, లేదా రెండు వారాలకి మించి దేని మీదా ఆసక్తి లేక, తిండి తగ్గి, తనవల్లే అంతా నాశనమైందని అంటుంటే అది టెన్షన్ దాటి డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుడికి చూపించాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాస్తారు. ఇవి అల్ప్రాజొలామ్‌లా వ్యసనం చెయ్యవు. పనిచెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు వికారం, కొద్దిగా అలజడి పెరగొచ్చు. చాలామంది ఆపేసేది అక్కడే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి మెల్లగా తగ్గించాలి. పెంచలకోనకో కసుమూరు దర్గాకో మొక్కుంటే వెళ్ళి రండి, మనసుకి ఊరటే. మాత్రలు మాత్రం ఆ రోజూ వేసుకోవాలి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. “ఏం కాదులే” అనకండి, ఆయనకి అది మీకు అర్థం కాలేదన్నట్టు వినబడుతుంది. “కరెంటు బిల్లు, లీజు కాగితాలు ఈ నెల నేను చూస్తా” అంటే ఒక బరువు నిజంగా దిగుతుంది. “నేను పోతే మీకే నయం” లాంటి మాట ఎప్పుడైనా అన్నారా? అని ఉంటే నేరుగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. పురుగుమందులు, గుంతల్లో వాడే రసాయనాలు ఇంట్లోంచి, గట్టు మీది షెడ్డులోంచి తీసేసి తాళం మీ దగ్గర పెట్టుకోండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ కోసమైనా చెయ్యొచ్చు. మూడు నెలలుగా ఆయనతోపాటు మీరూ మూడింటికి లేస్తున్నారు కదా.

నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ, మీకు ఒంగోలు దగ్గరైతే అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీకి పొద్దున్నే వెళ్ళండి. తీసుకెళ్ళాల్సినవి: ఏడు రోజుల బీపీ కాగితం, నిద్ర వేళల కాగితం, ఈసీజీ, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు ఖాళీవైనా సరే, రోజుకి ఎంత తాగుతున్నారో దాచకుండా రాసిన ఒక వాక్యం. ఆయన చెప్పడానికి మొహమాటపడతారు కాబట్టి ఆ చివరిది మీరే రాసి డాక్టరు చేతికివ్వండి.